వాల్వు కుదిరింది, నెత్తురు సంగతేంటి?

గుండె వాల్వుకు ఆపరేషన్ చేయించుకుని ఇల్లు చేరినవాళ్ల మందుల సంచిలో రక్తం పలచబడే గోళీ దాదాపు తప్పకుండా ఉంటుంది. కొద్దిమంది సంచిలో మాత్రం ఇంకో చిన్న పసుపు గోళీ కనిపిస్తుంది. అది ఫోలిక్ యాసిడ్. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే మందు గుండె రోగికి ఎందుకు రాశారో ఇంట్లోవాళ్లకు అంతుబట్టదు. బాగుచేసిన వాల్వు దగ్గర ఎర్ర రక్తకణాలు చిట్లిపోతున్నాయని డాక్టరుకు అనుమానం వచ్చి ఉంటుంది. పోయిన కణాల చోటు నింపడానికి ఎముకల మజ్జ రెట్టింపు వేగంతో పనిచేయాలి, ఆ పనికి ఫోలిక్ యాసిడ్ కావాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తెలుగువాడి చేయిపడ్డ మందు తెలుగు పల్లెల్లో ఇంత చవకగా దొరకడం చిన్న విషయమేమీ కాదు గానీ, గోళీ మీద ఆయన పేరు ఉండదు.

ఆపరేషన్ అయిపోయిందంటే జబ్బు పోయినట్టేనని అందరూ అనుకుంటారు. వాల్వు విషయంలో అది సగమే నిజం. గుండె పని కుదుటపడ్డాక అసలు కాపలా నెత్తురు మీద మొదలవుతుంది. అది గడ్డకట్టవచ్చు, ఆగకుండా కారవచ్చు, లోపల్లోపలే చిట్లిపోనూవచ్చు. వీటిలో మొదటి రెండింటి గురించి ఆసుపత్రిలో చెప్పి పంపిస్తారు. మూడోదాని పేరు చాలామంది వినరు.

మన దగ్గర వాల్వులు పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. దాంతో పోరాడే క్రమంలో శరీరం పొరపాటున సొంత గుండె మీదే దాడి చేస్తుంది. ఎక్కువగా దెబ్బతినేది ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య తలుపులా ఉండే మిట్రల్ వాల్వు. దాని రేకులు మందమై, అతుక్కుపోయి, కొందరిలో సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతుంది. అలాంటి వాల్వును తీసేసి కొత్తది పెట్టడం ఒక దారి. ఉన్నదాన్నే బాగుచేయడం ఇంకో దారి. ఈ రెండో దారిని ఒక పద్ధతిగా మలచినవాడు ఫ్రాన్స్ శస్త్రవైద్యుడు అలాన్ కార్పెంటియర్. 1960ల చివర్లో ఆయన వాల్వు చుట్టూ రింగు కుట్టే విధానాన్ని తెచ్చాడు. సాగిపోయిన వాల్వు చుట్టుకొలతను ఆ రింగు బిగించి, రేకులు మళ్లీ ఒకదానికొకటి ఆనేలా చేస్తుంది. సొంత వాల్వు మిగులుతుంది, జీవితాంతం రక్తం పలచబడే మందు మింగే అవసరం చాలామందికి తప్పుతుంది. అందుకే వీలైనచోట వైద్యులు మరమ్మతుకే మొగ్గుతారు. రుమాటిక్ వాల్వులు మరీ గట్టిపడిపోయి ఉంటే ఆ వీలు తక్కువ.

రింగు పెట్టినా ఒక్కోసారి కొంచెం కారుతుంది. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు లోపలి ఒత్తిడి కర్ణికలో కన్నా దాదాపు 100 పాదరసపు మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ తేడా వల్ల సన్నని సందులోంచి వెనక్కి ఎగజిమ్మే నెత్తురు సెకనుకు సుమారు 5 మీటర్ల వేగం అందుకుంటుంది. పొలంలో నీళ్ల పైపు మూతికి వేలు అడ్డుపెడితే ధార ఎలా దూకుతుందో అదే తీరు. సందు పెద్దదైతే కారేది ఎక్కువ, చిన్నదైతే తక్కువ, కానీ కణాల గతి కారే పరిమాణం మీద ఆధారపడదు. ధార వెళ్లి దేనికి తగిలింది, ఏ కోణంలో తగిలింది, అక్కడ రింగుకు తొడిగిన గుడ్డ మీద శరీరం కొత్త పొర కట్టిందా లేదా అన్నదే లెక్క. అందుకే గుండె స్కానింగ్ అయిన ఎకోలో ‘లీకు స్వల్పమే’ అని రాసి ఉన్న మనిషికి రక్తం వేగంగా తగ్గిపోతుంటే, ఆ ‘స్వల్పమే’ అన్న మాట దగ్గర ఆగిపోకూడదు.

ఇది కొత్తగా తేలిన సంగతి కాదు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి చెందిన సయ్యద్, డేసీ, వాళ్ల సహచరులు 1961లో ‘థొరాక్స్’ పత్రికలో ఒక రోగి కథ ప్రచురించారు. పుట్టుకతోనే గుండె గోడలో ఉన్న రంధ్రాన్ని టెఫ్లాన్ పట్టీతో మూశాక ఆ రోగికి తీవ్రమైన రక్తహీనత వచ్చింది. రక్తంలో లోపమేమీ లేదు. కారుతున్న మిట్రల్ వాల్వు నుంచి వచ్చే ధార ఆ పట్టీని కొడుతూ కణాలను ముక్కలు చేస్తోంది. గుండె ఆపరేషన్ తర్వాత యాంత్రిక కారణంతో కణాలు చితుకుతాయన్న విషయం అప్పటినుంచి పుస్తకాలకెక్కింది. 1996లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, మిట్రల్ వాల్వు దగ్గర కారుతున్న రోగుల ఎకోలను పరిశీలించి, ధార తీరును బట్టి రకాలుగా విడదీశారు. రింగుకో మరో గట్టి అంచుకో గుద్దుకునే ధార, మధ్యలో చీలిపోయే ధార, ఇరుకు సందులో ఒక్కసారిగా వేగం పుంజుకునే ధార కణాలను ఎక్కువగా చీలుస్తున్నాయని, అడ్డు లేకుండా కర్ణికలోకి సాగిపోయే ధారతో ఆ బెడద తక్కువని తేల్చారు.

గుండెతో సంబంధం లేకుండా కూడా కణాలు ఇలా నలిగిపోతాయి. 1881లో జర్మనీలో ఒక సైనికుడు సుదీర్ఘ కవాతు తర్వాత ఎర్రని మూత్రం పోశాడని ఫ్లైషర్ అనే వైద్యుడు నమోదు చేశాడు. బూట్ల కింద అరికాలి రక్తనాళాల్లో కణాలు చితికిపోతే జరిగే పని అది. అరచేతులతో గంటల తరబడి డోలు వాయించేవాళ్లలోనూ ఇదే చూశారు. వాళ్లు విశ్రాంతి తీసుకుంటే అది ఆగుతుంది. గుండెకు విశ్రాంతి లేదు కదా.

ఎర్ర రక్తకణం సాధారణంగా 120 రోజులు బతుకుతుంది. మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను వదులుతూ, పోయేవాటికి సమంగా నడుపుతూ ఉంటుంది. అవసరమైతే ఈ ఉత్పత్తిని కొన్ని రెట్లు పెంచగలదు కూడా. అందుకే మొదటి వారాల్లో చాలామందికి ఏమీ తెలియదు. మజ్జ చేతులెత్తేసినప్పుడే మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం మొదలవుతాయి. చితికిన కణాల వల్ల కళ్లు పచ్చబడతాయి. పొద్దున పోసే మూత్రం టీ డికాషన్ రంగులో కనిపిస్తుంది.

తప్పు జరిగేది ఇక్కడే. కళ్లు పచ్చబడితే పల్లెల్లో దాన్ని కామెర్లనే అంటారు. కామెర్లకు పసరు మందు తాగించే అలవాటు తెలుగునాట బలంగా ఉంది. కాలేయం బాగానే ఉండి, నెత్తురు చితకడం వల్ల పచ్చబడిన మనిషికి పసరు ఏమీ చేయదు, పైగా వారాల విలువైన కాలం పోతుంది. గుండె ఆపరేషన్ అయిన వ్యక్తి కళ్లు పచ్చబడితే ముందు వెళ్లాల్సింది ఆపరేషన్ చేసిన చోటికే.

పరీక్షలు పెద్ద ఖరీదైనవేమీ కావు. ఎల్‌డీహెచ్ అనే ఎంజైము కణాలు పగిలినప్పుడు నెత్తురులోకి వచ్చేస్తుంది, దాని అంకె పైకెక్కుతుంది. పగిలిన కణాల హిమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీను ఖర్చయిపోయి కిందికి జారుతుంది. అప్పుడే పుట్టిన కణాలైన రెటిక్యులోసైట్ల సంఖ్య పెరుగుతుంది. అన్నిటికంటే నమ్మకమైనది పాత పద్ధతే. ఒక చుక్క నెత్తురు గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే, కొమ్ములు తిరిగినట్టు, సగం కోసేసినట్టు ఉండే కణపు ముక్కలు కనిపిస్తాయి. శరీరమే సొంత కణాలపై దాడి చేసే జబ్బు కాదని కూంబ్స్ పరీక్షతో తేల్చుకుంటారు. ఆ తర్వాత అన్నవాహికలోంచి చేసే ఎకోతో ధార ఎటు తగులుతోందో వెతుకుతారు.

వైద్యంలో ఒక చిత్రమైన మెలిక ఉంది. తలసేమియాలాంటి జబ్బుల్లో రక్తం చిట్లితే ఇనుము శరీరంలోనే పేరుకుపోతుంది, అక్కడ ఐరన్ గోళీ హాని చేస్తుంది. వాల్వు దగ్గర కణాలు రక్తప్రవాహంలోనే పగులుతాయి కాబట్టి హిమోగ్లోబిన్ మూత్రపిండాల్లోకి దిగి, ఇనుము మూత్రంలో పోతుంది. అందుకే ఇక్కడ ఐరన్, ఫోలిక్ యాసిడ్ రెండూ ఇస్తారు. గుండె వేగాన్ని, తాకిడిని తగ్గించే బీటా బ్లాకర్లు వాడతారు. రింగు గుడ్డ మీద పొర కట్టేదాకా కొన్ని నెలలు ఓపిక పడితే కొందరికి తగ్గిపోతుంది. తగ్గకపోతే, రక్తం ఎక్కించడం మాటిమాటికీ తప్పనిసరైతే, మళ్లీ ఆపరేషనే శరణ్యం. మరమ్మతు చేసిన వాల్వు దగ్గర రక్తం గట్టిగా చిట్లిపోయేవాళ్లలో చాలామంది చివరికి అక్కడికే చేరతారు. రెండోసారి ఛాతీ తెరవడం మొదటిసారి కన్నా కష్టం. అందుకే ఆపరేషన్ బల్ల మీదే, గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలైన నిమిషాల్లో ఎకో చూసి ‘ఈ ధార రింగుకు తగులుతోంది, మళ్లీ సరిచేద్దాం’ అని నిర్ణయించగల వైద్యుడి విలువ అంతింత కాదు.

గడ్డ, కారుడు అన్న ఇంకో జంట సంగతికి వద్దాం. శరీరం కానిదేదైనా నెత్తురుకు తగిలితే గడ్డకట్టే ఏర్పాటు మేలుకుంటుంది. రింగు పెట్టినవాళ్లకు గుడ్డ మీద పొర కట్టే మొదటి మూడు నెలలు సాధారణంగా పలచబడే మందు ఇస్తారు. లోహపు వాల్వు పెట్టినవాళ్లకు అది జీవితాంతం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియాథన్ బృందం మూడు వాల్వు నమూనాలు పనికిరాకుండా పోయాక నాలుగోదాన్ని నిలబెట్టింది. కోబాల్టు మిశ్రలోహపు చట్రంలో పాలిథిలీన్ బిళ్ల వాలుతూ లేస్తూ ఉండే ఆ చిత్ర వాల్వును 1990 డిసెంబరు 6న తొలిసారి ఒక రోగికి అమర్చారు. ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో దాన్ని అమర్చారు. దిగుమతి వాల్వులకన్నా చవక కావడంతో పేదవాళ్లకు ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. అయితే వాల్వు ఎంత చవకైనా, దాని వెంట ప్రతిరోజూ మింగే గోళీ, నెలనెలా చేయించుకునే రక్తపరీక్ష తప్పవు.

ఆ గోళీ పుట్టుక పశువుల కొట్టంలో. 1933 ఫిబ్రవరిలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన దూడనీ, గడ్డకట్టని నెత్తురు నింపిన పాల డబ్బానీ తీసుకుని మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు వెళ్లి కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు పెట్టాడు. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు నెత్తురు కారి చనిపోతున్నాయి. ఆ బూజు పట్టిన గడ్డిలో ఉన్న పదార్థాన్ని లింక్ బృందం 1939లో వేరుచేసింది. దాని బంధువైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కే ఇచ్చారు. మన దేశంలో వార్ఫరిన్‌తోపాటు దాని అన్నదమ్ముడు ఎసినోకౌమరాల్‌ను కూడా విరివిగా వాడుతున్నారు.

ఈ మందులు నెత్తురును నిజానికి పలచన చేయవు. కాలేయంలో విటమిన్ కె తిరిగి తిరిగి వాడుకునే దారిని మూసేస్తాయి, గడ్డకట్టే ప్రోటీన్లలో నాలుగు సరిగా తయారుకావు. వాటిలో ఒకటి కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది, ఇంకొకటి తరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ఇవాళ మోతాదు మారిస్తే దాని ఫలితం ఇవాళే కనబడదు. ఓపిక లేక రోజూ మార్చేవాళ్లు తమ వాల్వుతో చెలగాటమాడుతున్నట్టే. మందు ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె ఐఎన్‌ఆర్. మందు వాడనివాళ్లకు అది ఒకటి దగ్గర ఉంటుంది. మిట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య నిలపాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టి, అది తెగి మెదడుకు చేరితే పక్షవాతం. పెరిగితే ముక్కులోంచి, పళ్లచిగుళ్లలోంచి నెత్తురు, ఒక్కోసారి మెదడులోనే కారడం.

ఈ అంకెను తిండి కూడా కదుపుతుంది. దానికి ఉదాహరణగా తెలంగాణలోని కోహీర్‌ను చూద్దాం. జామకాయలకు పేరున్న ఈ ఊరు కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జామపండు ఐఎన్‌ఆర్‌ను కదపదు, అందులో విటమిన్ కె చాలా తక్కువ. ఇబ్బంది ఆకుకూరలతోనే, అదీ ఈ ప్రాంతపు ఆకుకూరలతో. జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళలు, చేలల్లో విత్తకుండానే మొలిచే కూరలను పదుల కొద్దీ గుర్తుపట్టి జాబితా చేశారు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గునుగుకూర అందులో కొన్ని. వానలు పడ్డాక పొలంగట్టు మీద బుట్టలకొద్దీ దొరుకుతాయి, ఎండాకాలానికి మాయమవుతాయి. ముదురాకుపచ్చ ఆకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. అంటే వానకాలంలో గోళీ పని కొంత నీరుగారి ఐఎన్‌ఆర్ పడిపోయే వీలుంది, వేసవిలో పైకి దూకే వీలుంది. దీనికి పరిష్కారం ఆకుకూర మానడం కాదు. అంత పోషకాన్ని పేదవాడి కంచంలోంచి తీసేయమనడం తెలివితక్కువ సలహా. ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే డాక్టరు దానికి తగ్గట్టు గోళీ సర్దుతాడు.

ఇంతకన్నా ప్రమాదకరమైనవి ఊళ్లో ఉన్నాయి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, విరేచనాలకు మెట్రోనిడజోల్. రెండోది ఐఎన్‌ఆర్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. మొదటిది కడుపులో పుండు చేసి అక్కడినుంచి నెత్తురు కారిస్తుంది. జ్వరమొస్తే సూది వేయించుకోనిదే తృప్తి లేని జనం మనవాళ్లు, వార్ఫరిన్ మింగేవాళ్ల కండలో సూది గుచ్చితే లోపల పెద్ద రక్తపు ముద్ద కట్టవచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మెట్రోనిడజోల్‌కు నేరుగా ఎదురు. ఐఎన్‌ఆర్‌ను కిందికి లాగేస్తుంది, వార్ఫరిన్ మోతాదు బాగా పెంచాల్సి వస్తుంది, క్షయ మందు ఆపాక ఐఎన్‌ఆర్ చూసుకుంటూ మెల్లగా మళ్లీ దించాలి. క్షయ ఇంకా వదలని మన ప్రాంతంలో ఈ సంగతి ప్రతి వాల్వు రోగి మందుల చీటీ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఒకే మోతాదు అందరికీ సరిపోకపోవడానికి జన్యువులూ కారణం. హైదరాబాద్ నిమ్స్‌లో విజయ్ కుమార్ కుటాల బృందం మన రోగుల్లో సీవైపీ2సీ9, వీకేఓఆర్‌సీ1 జన్యువుల తేడాలను పరిశీలించి, మోతాదు అంచనా వేసే లెక్కను 2012లో ప్రచురించింది. పాశ్చాత్యుల మీద కట్టిన లెక్క ఇక్కడ సరిగా నప్పకపోవడమే ఆ పనికి ప్రేరణ.

ఈ తిప్పలు లేని కొత్త మందులు రాలేదా అంటే వచ్చాయి, వాల్వుల దగ్గర తిరగబడ్డాయి. లోహపు వాల్వుల రోగుల మీద డాబిగాట్రాన్ పరీక్షను మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి, అటు గడ్డలూ ఇటు రక్తస్రావమూ రెండూ పెరిగాయి. రుమాటిక్ గుండె జబ్బుతో గుండె లయ తప్పినవారిపై భారత్‌తో సహా పలు దేశాల్లో జరిపిన ఇన్విక్టస్ పరీక్షలో 4,500 మందికి పైగా పాల్గొన్నారు. 2022లో అది రివరోక్సబాన్ కన్నా పాత మందే మేలని తేల్చింది. ఆ ఎలుకల మందుకు ఇప్పటికీ సరిజోడు లేదు.

రుమాటిక్ వాల్వులున్నవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడవాళ్లు. వార్ఫరిన్ గర్భంలో మొదటి మూడు నెలల్లో శిశువుకు హాని చేయగలదు, మందు మానేస్తే తల్లి వాల్వు మీద గడ్డ. మధ్యలో హెపారిన్‌కు మారడం, మళ్లీ తిరిగిరావడం వంటివి గర్భం రాకముందే కార్డియాలజిస్టుతోనూ గైనకాలజిస్టుతోనూ కలిసి నిర్ణయించాల్సినవి. పెళ్లి కుదిరే ముందే ఈ మాట చెప్పాలి అనడం కఠినంగా వినిపించవచ్చు, కానీ అనుకోకుండా గర్భం వచ్చాక చెబితే ఆలస్యమవుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్లను లక్షలాది పేద ఇళ్ల ముంగిట్లోకి తెచ్చింది. కొన్ని శస్త్రచికిత్సలకు ఆ తర్వాతి ఏడాది మందులు, పరీక్షల ప్యాకేజీ కూడా పెట్టింది. ఏడాది దాటాక వాల్వు మాత్రం మిగిలే ఉంటుంది. నెలకొకసారి ఐఎన్‌ఆర్ కోసం హైదరాబాద్ వెళ్లడమంటే ఒక కూలిరోజు, బస్సు చార్జీ, తోడుగా ఇంకొకరి కూలిరోజు. జనం మానేస్తారు. వాళ్లది అజాగ్రత్త అనడం సులువే.

వెళ్లాల్సింది మనిషే అని లేదు, నెత్తురు వెళ్తే చాలు. నీలం మూత ట్యూబులో తీసిన నమూనాను గది ఉష్ణోగ్రతలో 24 గంటలలోపు పరీక్షించవచ్చు. 2021 జూన్‌లో రాష్ట్రం 19 జిల్లాల్లో డయాగ్నొస్టిక్ హబ్‌లు తెరిచినప్పుడు సంగారెడ్డి అందులో ఉంది, కోహీర్ నుంచి సంగారెడ్డి సుమారు 50 కిలోమీటర్లు. వేలి మీద చుక్కతో ఐఎన్‌ఆర్ చెప్పే చిన్న మీటర్లూ బజారులో దొరుకుతున్నాయి. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో అలాంటిదొకటి పెట్టి, వాల్వు రోగుల పేర్లు రాసుకునే ఒక రిజిస్టరు తెరవడం కొత్త కట్టడం కట్టడం కన్నా చాలా తేలిక. ట్యూబు పద్ధతే ఎంచుకుంటే నమూనా తీసే అక్కకో తమ్ముడికో ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్యూబు మీద గీత దాకా నెత్తురు నింపాలి. అందులోని సిట్రేటు ఒక వంతుకు నెత్తురు తొమ్మిది వంతులు ఉండాలి. సగమే నింపితే ఐఎన్‌ఆర్ లేనిపోనిది పెరిగినట్టు వస్తుంది, ఆ అంకె చూసి డాక్టరు గోళీ తగ్గిస్తే వాల్వు మీద గడ్డకు దారి తెరిచినట్టవుతుంది.